సూది పట్టినవాడికి ఈ మట్టి లేదు

హిందూరావ్ భోపళే డాక్టర్ సంతకానికిచ్చిన కాగితాన్ని నిలువునా చించేశాడు. రెండు ముక్కలు చేసి ఊరుకోలేదు, నాలుగు చేశాడు, ఎనిమిది చేశాడు. అంతకంటే చిన్నవి ఆయన లావుపాటి వేళ్ళకు చిక్కలేదు కాబట్టి ఆగాడు. ముక్కల్ని ఆస్పత్రి వరండాలో వదిలేసి ధోవతి దులుపుకున్నాడు.

"నా మనవరాలి ఒంట్లోకి స్టెరాయిడ్ పోదు. చెప్పానుగా! ఇంకెన్నిసార్లు చెప్పాలి?"

పసిపిల్లల ఐసీయూ తలుపు దగ్గర నిలబడ్డ డాక్టర్ గద్రే ఆ ముక్కలకేసి చూసింది. ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు.

"కాగితానికేం, ఇంకొకటి తీయిస్తాను," అంది. "పాపకి ఇంకో జత ఊపిరితిత్తులు తీయించలేను. ఒక్కమాట వినండి వస్తాద్."

"వినడానికేముంది? నా పెద్దకొడుక్కీ ఎవడో ఇలాగే చెప్పాడు. బలం వస్తుంది, రెండు నెలలే, ఏమీ కాదన్నాడు. ఇరవై ఆరేళ్ళకే కిడ్నీలు పోయాయి. వాడు పోయి ఎనిమిదేళ్ళు."

"అది కండలు పెంచే మందు. ఇది వాపు తగ్గించే మందు. రెండూ వేరు."

"దీని పేరు?"

"పేరు... స్టెరాయిడే," అని ఒప్పుకుంది డాక్టర్ గద్రే. అబద్ధం ఆడటం ఆవిడకు చేతకాదు. పొద్దున్నించీ పని చెడింది అక్కడే.

"ఆ పేరే నాకొద్దు," అని హిందూరావ్ మెట్లు దిగిపోయాడు.

కొల్హాపూర్‌లో ఆ పేటకు ఆయన మాట అంటే మాటే. నలభై ఏళ్ళుగా తాలీంలో కుస్తీ నేర్పుతున్న వస్తాద్. బరిలోకి దిగాలన్నా ఆయన చెప్పాలి, బరిలోంచి బయటికి రావాలన్నా ఆయనే చెప్పాలి. పెద్దకొడుకు జయసింగ్ పెట్టెలో సూదులు దొరికిన రోజు వాణ్ణి తాలీంలోంచి గెంటేసి, గోడమీద ఎర్ర రంగుతో ఒక వాక్యం రాయించాడు. సూది పట్టినవాడికి ఈ మట్టి లేదు. జయసింగ్ పోయాక కూడా ఆ రాత చెరపనివ్వలేదు. ఏటా దసరాకు మళ్ళీ రంగు వేయిస్తాడు.

చిన్నకొడుకు సంగ్రామ్ తండ్రి వెనకాల రెండు మెట్లు దిగి ఆగిపోయాడు. షిరోలీ ఫౌండ్రీలో పదిహేనుమంది మీద సూపర్‌వైజర్, ముప్పై రెండేళ్ళ మనిషి, తలుపంత ఛాతీ. తండ్రి ముందు మాత్రం నోట్లో నాలుక ఉండదు. పైకీ రాక కిందికీ పోక, అక్కడే నిలబడి గోళ్ళు కొరుక్కున్నాడు.

సంగ్రామ్ భార్య ప్రాజక్త గోడకానుకుని అంతా చూస్తూనే ఉంది. ఆమె కాన్పై ఇరవై ఆరు రోజులు. ఈ ఇరవై ఆరు రోజులూ ఆమెను అడిగినవాళ్ళు లేరు. డాక్టర్లు సంగ్రామ్‌తో మాట్లాడతారు, సంగ్రామ్ తండ్రితో మాట్లాడతాడు, తండ్రి ఒక మాట అంటాడు, ఆ మాట అదే దారిన వెనక్కి వస్తుంది. తల్లి దగ్గరికి చేరేసరికి అది తీర్పైపోయి ఉంటుంది. జిల్లా పరిషత్ బళ్ళో నలభైమంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టే టీచరు, ఇక్కడ స్తంభంలా నిలబడి ఉంది. తనమీద తనకే రోత పుట్టింది.

"మేడం," అంది. "నా సంతకం పనికిరాదా?"

డాక్టర్ గద్రే తలతిప్పి చూసింది. "ఎందుకు పనికిరాదు? తల్లివి. ఆధార్ కాపీ ఇస్తే చాలు." కొంచెం ఆగి, "ఇన్నాళ్ళూ నువ్వు అడగలేదు, మేమూ నీ ముఖం చూడలేదు. తప్పు మాదే," అంది.

"అయితే లోపలికి పదండి. నాకు చెప్పండి. అందరికీ చెప్పినట్టు కాదు, నాకు చెప్పండి."

లోపల అద్దాల పెట్టెలో పాప ఉంది. ఆరో నెల నిండకుండా పుట్టింది. అప్పుడు ఆరువందల ఎనభై గ్రాములు, ఇప్పుడు ఎనిమిదివందల పది. పిచ్చుకంత ఉందని హౌసాబాయి నాయనమ్మ చిమణీ అని పిలుస్తోంది, ఇంకా పేరు పెట్టలేదు. నోట్లో గొట్టం, గొట్టానికి వెంటిలేటర్. ఛాతీ తనంతట తాను లేవడం లేదు, యంత్రం లేపుతోంది.

పాప పుట్టిన మూడోనాడు హిందూరావ్ తాలీం ఎర్రమట్టి పొట్లం కట్టుకుని ఇదే గుమ్మం దాకా వచ్చాడు. భోపళేల ఇంట పుట్టిన ప్రతి బిడ్డ నుదుటా ఆ మట్టి పెట్టాల్సిందే. ఆడపిల్లని తెలిసీ తెచ్చాడు, అందుకు మాత్రం ఆయన్ని మెచ్చుకోవాలి. నర్సు కాంబ్లే సిస్టర్ అడ్డం నిలబడి, "వస్తాద్, ఆ మట్టిలో మీ పహిల్వాన్లు చెమటోడుస్తారు. మా పాప చెమట పట్టడం కూడా ఇంకా నేర్చుకోలేదు," అని పొట్లం లాక్కుంది. ఊరంతా భయపడే మనిషి కిక్కురుమనకుండా వెళ్ళిపోయాడు. ఆ పొట్లం ఇప్పటికీ సిస్టర్ సొరుగులోనే ఉంది.

"పుట్టేటప్పటికి ఈ ఊపిరితిత్తులు ఇంకా తయారుకాలేదు," అని మొదలుపెట్టింది డాక్టర్. "బతకాలంటే యంత్రం గాలి తొయ్యాలి. ఆ తోపుకే లోపల గాయం. గాయానికి వాపు. వాపు వల్ల ఇంకా గట్టిగా తొయ్యాలి. మళ్ళీ గాయం. ఇరవై ఆరు రోజులుగా ఇదే గానుగ. మూడుసార్లు గొట్టం తీశాం, మూడుసార్లూ మళ్ళీ పెట్టాం."

"ఈ మందు ఇస్తే?"

"వాపు తగ్గుతుంది. గొట్టం బయటికి తీసే అవకాశం వస్తుంది. నిన్నటితో రక్తంలో ఇన్ఫెక్షన్ కూడా పోయింది. ఇవాళ మొదలుపెట్టాలి. ఐదింటికి సాయంత్రం మందులు కలుపుతారు, ఈలోపు సంతకం కావాలి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ గాయం మచ్చకడుతుంది."

"చెడ్డమాట కూడా చెప్పండి."

డాక్టర్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "వెనకటి రోజుల్లో ఇదే మందు పెద్ద మోతాదులో, మరీ ముందుగా ఇచ్చేవాళ్ళు. పిల్లలు బతికారు, కానీ కొందరికి కాళ్ళూ చేతులూ సరిగ్గా సాగలేదు. మెదడు మీద దెబ్బ. అందుకని ఇప్పుడు చాలా కొంచెం ఇస్తాం. మొదటి మూడు రోజులు ఒక మోతాదు, తర్వాత మూడు రోజులు అంతకంటే తక్కువ, ఆ తర్వాత రెండేసి రోజులు ఇంకా తక్కువ. పదో రోజుకి ఆపేస్తాం. ప్రమాదం బాగా తగ్గింది. అసలు లేదని మాత్రం నేను చెప్పను. అలాగని ఈ యంత్రం మీదే ఉంచినా మెదడుకి ప్రమాదమే."

"మీ పాపైతే?"

"ఆ ప్రశ్న అందరూ అడుగుతారు. ఇప్పించేదాన్ని. భయపడుతూనే."

ప్రాజక్త కళ్ళు తుడుచుకోలేదు. కారనిచ్చింది.

"గొట్టం వచ్చేశాక పని మీది," అంది డాక్టర్. "రోజుకి ఆరు గంటలు ఛాతీమీద పడుకోబెట్టుకోవాలి. ఒళ్ళూ ఒళ్ళూ తగిలేలా. నీ ఒక్కదానివల్ల కాదు, మీ ఆయనా కావాలి." ఫైలు మూయబోయి ఆగింది. "ఒక సంగతి నాకు కొరుకుడు పడదు. కాన్పుకి ముందు నీకిచ్చే రెండు సూదులు, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి, ఇక్కడికి తేకముందే పడ్డాయని మీ ఆయన చెప్పాడు. అవి పడినా కొందరికి ఇలా అవుతుంది, కాదనను. అయినా ఇంత దారుణంగా... మీ పుట్టింటి ఊరి నర్సింగ్ హోం వాళ్ళిచ్చిన చీటీలో ఒక పేజీ లేదు. దొరికితే పట్రా."

ప్రాజక్తకు ఆ రోజు నొప్పులు తప్ప ఏమీ గుర్తులేవు. తమ్ముడి నిశ్చితార్థానికని బస్సెక్కి పుట్టింటికి వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే నొప్పులు, సాయంత్రానికి అంబులెన్సులో ఇక్కడికి. అక్కడి నర్సింగ్ హోంలో ఎవరో నర్సు చేతిలో సిరంజితో వచ్చింది, మళ్ళీ వెనక్కి పోయింది. ఎందుకు పోయిందో ఆమె ఇప్పటిదాకా ఆలోచించలేదు.

*

ఇంటికి చేరేసరికి ఒంటిగంట. హౌసాబాయి వంటింట్లో అళివ్ గింజల లడ్డూలు చుడుతోంది, పాలు పడతాయని. కోడలి ముఖం చూడగానే చేతులు కడుక్కుంది.

"ముందు కూర్చుని పాలు తియ్యి. ఏడుపు తర్వాత."

ప్రాజక్త పంపు తీసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. అవతల తాలీం ఖాళీగా ఉంది. మూడయితే తొడలు చరుచుకునే చప్పుళ్ళతో ఈ గోడ అదురుతుంది.

"ఆబా ఏమన్నారు ఆయీ?" అని అడిగింది. ఇంట్లో అందరికీ హిందూరావ్ ఆబా, హౌసాబాయి ఆయీ.

"ఏమంటారు! సంతకం పెడితే ఇంటి గుమ్మం తొక్కొద్దని చెప్పమన్నారు. చెప్పమన్నారు కాబట్టి చెప్పాను. చెవిన పడిందిగా, ఇక వదిలెయ్."

"మీరేమంటారు?"

"నలభై ఏళ్ళుగా ఆయన మాట వింటున్నట్టే కనిపిస్తాను నేను. ఎన్నిసార్లు విన్నానో నాకు తెలుసు, ఆ మారుతికి తెలుసు." హౌసాబాయి గొంతు తగ్గించింది. "ఒక్కసారి మాత్రం నిజంగా విన్నాను. జయసింగ్‌ని గెంటేసిన రోజు అడ్డంపడలేదు. పిల్లాడు గుమ్మంలో నిలబడి నావంకే చూశాడు. నేను పొయ్యివంక చూశాను."

ప్రాజక్త చేతిలో పంపు ఆగింది. అత్తగారి నోట పెద్దకొడుకు పేరు వినడం ఇదే మొదలు.

"అయినా నిన్ననాలి," అంది హౌసాబాయి వెంటనే, మెత్తబడ్డ గొంతును దాచుకోవడానికి. "ఆ బస్సు ఎక్కకపోతే ఈ గొడవే ఉండేది కాదు. ఆరో నెలలో ఎవరైనా ఆ గతుకుల్లో పడి వెళతారా? నిశ్చితార్థం నువ్వు లేకపోతే ఆగేదా?"

"ఎక్కాను ఆయీ. ఎక్కాను, తప్పే. రోజుకి ఎన్నిసార్లు ఒప్పుకోవాలో చెప్పండి, లెక్కపెట్టుకుని ఒప్పుకుంటాను."

హౌసాబాయి మూతి ముడుచుకుని ఒక లడ్డూ ఆమె నోటికి అందించింది. ఆ ఇంట్లో క్షమాపణ అంటే అదే.

పాలసీసాకు మూతపెట్టి మంచుముక్కల ఫ్లాస్కులో దించి, ప్రాజక్త బీరువా తెరిచింది. ఆధార్ కార్డులు మోటార్‌సైకిల్ కాగితాల సంచిలో ఉంటాయి. సంచి మంచంమీద బోర్లించింది. బండి పుస్తకం, ఇన్సూరెన్స్, ఆమె కార్డు. బండి పుస్తకం అట్టలోంచి నాలుగు మడతల కాగితం ఒకటి జారింది. పైన నర్సింగ్ హోం పేరు ఉంది.

విప్పి చదివింది. మళ్ళీ చదివింది. నీలం సిరాతో రెండే రెండు వాక్యాలు. బిడ్డ ఊపిరితిత్తుల కోసం తల్లికి స్టెరాయిడ్ సూది ఇవ్వాలని చెప్పాము. భర్త వద్దన్నారు. కింద సంగ్రామ్ సంతకం, పక్కన టైము, పగలు పదకొండున్నర.

పాప పుట్టింది మర్నాడు ఉదయం తొమ్మిదింటికి.

"ఆధార్ దొరికిందా?" అంటూ సంగ్రామ్ లోపలికి వచ్చాడు. ఆమె చేతిలోది చూశాడు. వెనక్కి తిరిగి తలుపు గడియపెట్టి, మంచం చివర కూర్చున్నాడు. మంచం కిర్రుమంది.

వంటింట్లో హౌసాబాయి గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"పడ్డాయని చెప్పారు," అంది ప్రాజక్త. "ఇక్కడి డాక్టర్లతో. పడ్డాయని."

"ఊఁ."

"పడలేదని చెప్పుంటే వీళ్ళైనా ఇచ్చేవాళ్ళు. ఆ సాయంత్రమే ఇచ్చేవాళ్ళు. పొద్దుటిదాకా టైముంది."

"తెలీదు నాకు. అంత ముఖ్యమని తెలీదు. వేసేది నీకు. నీ ఒంటికేమైనా అవుతుందనుకున్నాను."

"ఆబాని అడిగారా?"

"లేదు."

"ఫోనైనా చెయ్యలేదా?"

"ఏమంటారో తెలుసుగా."

ప్రాజక్త నవ్వింది. ఆ నవ్వు సంగ్రామ్‌కు చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది. "ఆయన అనని మాటకి మీరు సంతకం పెట్టారు. బాగుంది. మరి నా సంగతేమిటి? ఇరవై ఆరు రోజులుగా మీ అమ్మ బస్సు అంటోంది, మీ నాన్న బస్సు అంటున్నారు, పక్కింటివాళ్ళు బస్సు అంటున్నారు. నేనే నా బిడ్డని చంపుకుంటున్నానని పంపు పట్టుకుని ఏడుస్తుంటే పక్కన కూర్చుని నా వీపు నిమిరారే! ఈ కాగితం బీరువాలో పెట్టుకుని నిమిరారే!"

"ఆబా భయం ఒక్కటే కాదు ప్రాజక్తా..." అతను తన అరచేతులవంక చూసుకున్నాడు. "ఆ నర్సు చేతిలో చిన్న సీసా. మూతకి తగరం. అన్నయ్యకి... అన్నయ్యకి అలాంటివి తెచ్చిచ్చింది నేనే."

ఆమె కాగితాన్ని మళ్ళీ మడతపెట్టింది.

"మిరజ్ వెళ్ళి తెచ్చేవాణ్ణి. వారానికోసారి. టానిక్ అన్నాడు, మొదట్లో నమ్మాను. తర్వాత తెలిసింది, అయినా తెచ్చాను. పెద్ద కుస్తీ గెలుస్తాడనీ, వస్తాద్ కొడుకులమని ఊరేగిస్తారనీ. ఆబాకి ఇప్పటికీ తెలీదు. ఎవరికీ తెలీదు. ఆ సీసా చూడగానే అన్నయ్యే కనిపించాడు. వద్దు అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదు."

అన్నగారికి విషం మోసిన చేతులూ, బిడ్డకు మందు ఆపిన చేతులూ ఒకటేనని ప్రాజక్తకు అర్థమైంది. జాలీ కోపమూ ఒక్కసారే వచ్చాయి. జాలిని పక్కకు నెట్టింది. జాలిపడే తీరిక ఆ రోజు ఆమెకు లేదు.

"రెండున్నరయింది," అని ఆధార్ కార్డూ ఆ కాగితమూ సంచిలో వేసుకుంది. "నేను ఆస్పత్రికి పోతున్నాను. వస్తే రండి."

"ఆ కాగితం..."

"డాక్టరమ్మకి చూపించాలి. తర్వాత మీకే ఇస్తాను. మీ సంతకం కదా, మీ దగ్గరే ఉండాలి."

*

మూడుంబావుకు ప్రాజక్త సంతకం పెట్టింది. బళ్ళో హాజరు పట్టీలో పెట్టే సంతకమే.

డాక్టర్ గద్రే ఆ పేజీ చదివి సంగ్రామ్‌వంక చూసింది. ఫైల్లో అంతకుముందు రాసిన ముక్కను కొట్టేసి, పక్కన నిజం రాసి, కాగితం కాపీ తీయించి అతనికే ఇచ్చేసింది. "మందు ఐదింటిదాకా ఆపను. ఇప్పుడే కలపమంటాను," అంది.

కాంబ్లే సిస్టర్ కలిపి తెచ్చిన సిరంజిలో మందు ఉందో లేదో తెలియనంత ఉంది. పాప కాలి నరానికున్న సన్నని ట్యూబులోకి మెల్లగా ఎక్కించింది. సంగ్రామ్ అద్దం దగ్గర నిలబడి చూశాడు. కళ్ళు తిప్పుకోకుండా చివరిదాకా చూశాడు.

"అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది," అంది సిస్టర్. "ఇక యంత్రం ఎంత ఆక్సిజన్ ఇస్తోందో ఆ అంకె చూస్తూ కూర్చోండి. ఇప్పుడు అరవై ఐదుంది. తగ్గితే మంచిది. ఇవాళే తగ్గకపోతే నా మీద పడకండి, రెండు మూడు రోజులు పడుతుంది."

ప్రాజక్త లేచింది. "ఆబాకి చెప్పాలి."

"ఫోన్‌లో చెబుతాను," అన్నాడు సంగ్రామ్.

"ఫోన్‌లో వద్దు. ఎదురుగా చెప్పాలి. దాచేది ఇంక నావల్ల కాదు."

*

తాలీం గుమ్మం దాటిన ఆడమనిషి లేదు. హౌసాబాయి కూడా నలభై ఏళ్ళుగా బాదంపాల బిందె గుమ్మం బయటే దించి పోతుంది. ప్రాజక్త చెప్పులు విప్పి, చెంగు నడుముకు దోపి, లోపలికి నడిచింది.

బరిలో నలుగురు పట్లు పడుతున్నారు. ఒకరిని చూసి ఒకరు ఆగిపోయారు. నూనె, మజ్జిగ, పసుపు కలిపిన ఎర్రమట్టి వాసన గుప్పుమంటోంది. హిందూరావ్ మారుతి గూటి ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. తలపైన గోడమీద ఆ ఎర్ర వాక్యం.

"ఇది ఆడవాళ్ళు వచ్చే చోటు కాదు," అన్నాడు, గొంతు పెంచకుండానే.

"తెలుసు ఆబా. మీరు ఇంటి గుమ్మం తొక్కొద్దన్నారు. మిగిలిన గుమ్మం ఇదొక్కటే." వెనకాల ఎవడో నవ్వబోయి దగ్గాడు. "సంతకం పెట్టేశాను. మొదటి సూది మూడూ ముప్పావుకి పడింది. అడగడానికి రాలేదు, చెప్పడానికి వచ్చాను."

హిందూరావ్ కణతలు ఉబ్బాయి. కుర్రాళ్ళకేసి చెయ్యి విదిలించాడు. ఒక్కొక్కరే ఒళ్ళు తుడుచుకుంటూ బయటికి జారుకున్నారు.

"ఇంకొకటి అడగాలి," అంది ప్రాజక్త. "ఆ గోడమీద రాత చదివే అడుగుతున్నాను. నా కూతురికి ఇవాళ సూది పడింది. మీ లెక్కన దానికీ ఈ మట్టి లేదా?"

హిందూరావ్ తలెత్తి గోడవంక చూశాడు, ఆ వాక్యం మరెవరో రాసినట్టు. ఆ వెంటనే అరిచాడు.

"నోరు ముయ్! ఎవరివల్ల వచ్చింది ఇదంతా? ఆరో నెలలో ఊరేగింపుగా బస్సెక్కింది ఎవరు? కడుపులో బిడ్డని గతుకుల్లో కుదిపి కుదిపి తెచ్చి, ఇప్పుడు నాకు నీతులు చెబుతావా?"

ప్రాజక్త మెల్లగా తల తిప్పి, వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడ్డ సంగ్రామ్‌ను చూసింది. చూస్తూనే ఉంది.

సంగ్రామ్ ఒక అడుగు వేశాడు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, విప్పి, తండ్రి చేతిలో పెట్టాడు.

"బస్సు కాదు ఆబా. నేను."

హిందూరావ్ కాగితం దూరంగా పట్టుకుని చదివాడు. పెదవులు కదిలాయి.

"భర్త వద్దన్నారు," అని పైకి చదివాడు. "నన్నడిగావా?"

"లేదు."

"నేను వద్దన్నానా?"

"లేదు ఆబా. మీరంటారనుకున్నాను."

"నా పేరు చెప్పి నా మనవరాలి ఊపిరి ఆపావు." ఆయన స్టూలు మీంచి లేచాడు. కొడుకు కంటే జానెడు పొట్టి అయిన ముసలివాడి ముందు ఆ తలుపంత ఛాతీ ముడుచుకుపోయింది. "ఇరవై ఆరు రోజులు తప్పు నా కోడలి మీద తోసి నా ఇంట్లో అన్నం తిన్నావు. ఫో. బట్టలు తీసుకుని ఫో. కాగితం దాచినవాడికి ఈ మట్టి లేదు, ఈ ఇల్లూ లేదు."

సంగ్రామ్ వంగి తండ్రి కాళ్ళు తాకి, వెనక్కి తిరిగాడు. గెంటేసిన రోజు జయసింగ్ కూడా ఇలాగే కాళ్ళు తాకి వెళ్ళాడట. పొయ్యివంక చూసిన హౌసాబాయి ప్రాజక్త కళ్ళముందు మెదిలింది.

"ఆగండి," అంది.

ఇద్దరూ చూశారు.

"ఆయన్ని పంపడానికి మీకు వీల్లేదు ఆబా. మందు పనిచేసి గొట్టం వచ్చేస్తే పాపని రోజుకి ఆరు గంటలు ఛాతీమీద వేసుకోవాలట. మూడు గంటలు నేను. తక్కిన మూడు గంటలకి ఆ ఛాతీ కావాలి. ఇరవై ఏళ్ళు ఈ మట్టిలో మీరు పెంచిన ఛాతీ, నా కూతురికి కావాలి. ఆ పని తీరేదాకా ఆయన ఎక్కడికీ పోరు. తీరాక ఉంచుకోవాలో గెంటాలో నేను చూసుకుంటాను. మోసపోయింది నేను, మీరు కాదు."

హిందూరావ్ చేతిలో ఇంకా ఆ కాగితం ఉంది. పొద్దున ఆస్పత్రిలో చించినట్టు దీన్ని చించలేదు. బరి గట్టుమీద మెల్లగా కూర్చున్నాడు. ఒక్కసారిగా ఆయన వయసు కనిపించింది.

"ఎన్ని రోజులు? ఆ సూదులు."

"పది. రెండు మూడు రోజులకోసారి మోతాదు తగ్గిస్తారు. చివరికి ఆపేస్తారు."

"తగ్గిస్తారా?" ఆయన తలెత్తాడు. "తగ్గిస్తూ పోతారా?"

"అవును ఆబా."

"జయసింగ్‌ది పెరుగుతూ పోయింది," అన్నాడు ముసలాయన. పిడికెడు మట్టి తీసుకుని వేళ్ళసందుల్లోంచి జారవిడిచాడు. "మొదట వారానికొకటి. తర్వాత రోజుకొకటి. వాడి డైరీలో రాసుకున్నాడు. తెచ్చిచ్చినవాడి పేరు మాత్రం రాయలేదు, చచ్చినా చెప్పలేదు. ఎనిమిదేళ్ళుగా వెతుకుతున్నాను. ఆ ఒక్కడు దొరికితే, ఈ చేతుల్తో..." మాట మింగేసి సంగ్రామ్‌వంక చూశాడు. "నువ్వు చేసింది తప్పు. అయినా నువ్వు ఆ విషం తెచ్చినవాడివి కాదు. ఉండు. పిల్ల కోసం ఉండు."

సంగ్రామ్ పెదవులు తెరుచుకున్నాయి. ఒక్క నిజం చెప్పాక రెండోది చెప్పకుండా ఉండలేని మనిషిలా తండ్రివైపు అడుగు వేశాడు.

"ఆబా, ఇంకొకటి..."

ప్రాజక్త అతని మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగేలా పట్టుకుంది. దాచినందుకు మధ్యాహ్నం నుంచీ అతణ్ణి తిట్టుకుంటున్న మనిషి తనే. దాచేది ఇంక నావల్ల కాదన్నదీ తనే. కానీ ఆ మాట బయటపడితే ఈ ముసలివాడు కొడుకును ఉంచడు, ఉంచినా ప్రాణంతో ఉంచడు. అవతల అద్దాల పెట్టెలో మొదటి మోతాదు పడి రెండు గంటలు కూడా కాలేదు.

"ఏమిటది?" అన్నాడు హిందూరావ్.

"ఏమీ లేదు ఆబా," అంది ప్రాజక్త. "పాలకి టైమైంది."